రోజంతా వాట్సాప్‌లో జవాబులిచ్చే డాక్టర్లు టెలిమెడిసిన్ ఓపీ అంటే ఎందుకు వెనకాడతారు?

ఆస్పత్రి_లెక్కలు | మంగళవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను విశాఖలో ఆస్పత్రుల నిర్వహణలో పీజీ చేస్తున్నాను. ఓపీ రోగులను టెలిమెడిసిన్‌లో, అంటే దూరం నుంచే, చూడటానికి డాక్టర్లు ఎప్పుడు ముందుకొస్తారు, ఎందుకు వెనకాడతారు అన్నది నా ప్రాజెక్టు. మూడు వారాలుగా మహారాణిపేట, రామ్‌నగర్, గాజువాక క్లినిక్‌ల మెట్లు ఎక్కి దిగుతున్నాను.

ప్రశ్నావళిని పుస్తకాల పద్ధతిలోనే తయారుచేశాను. కొత్త సాంకేతికతను మనిషి ఎప్పుడు అందిపుచ్చుకుంటాడన్న దానికి 1989లో ఫ్రెడ్ డేవిస్ రెండు కారణాలు చెప్పాడు: దానివల్ల పని మెరుగవుతుందన్న నమ్మకం, వాడటం కష్టం కాదన్న నమ్మకం. 2003లో వెంకటేశ్ బృందం (డేవిస్ కూడా అందులో ఉన్నాడు) తోటివారి ప్రభావాన్ని, చేతికందే సదుపాయాలను కూడా చేర్చింది. నేను ఆ నాలుగింటినీ తెలుగులో పెట్టి టిక్కులు పెట్టించుకున్నాను.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, దాదాపు అందరూ అన్నిటికీ ‘అంగీకరిస్తున్నాను’ అనే పెట్టారు. ఉపయోగమా, అంగీకారం. తేలికా, అంగీకారం. తీరా అపాయింట్‌మెంటు పుస్తకం చూస్తే టెలిమెడిసిన్ అన్న మాటే ఉండదు.

ఒక డాక్టరు గారు కుడి చేత్తో నా ఫారం నింపుతూనే ఎడమ బొటనవేలితో ఫోనులో ఎవరికో ‘ఆ మాత్ర సగం వేసుకోండి, శుక్రవారం రండి’ అని కొట్టారు. ఆ వెంటనే, ‘మీరు ప్రస్తుతం టెలిమెడిసిన్ చేస్తున్నారా?’ అన్న ప్రశ్న దగ్గర ‘లేదు’ అని టిక్కు పెట్టారు. నా ముందే!

ఈ రెండింటి మధ్య ఏముందో ఎవరైనా చెప్పగలరా?

మూడోఅంతస్తు_వైద్యుడు | మంగళవారం, రాత్రి 10:40

ఆ డాక్టరు నేనే అయ్యుండవచ్చు. కాకపోయినా నాలాంటివాడే.

జనరల్ ఫిజీషియన్‌ని, ఇరవై నాలుగేళ్ల ప్రాక్టీసు. ఫారంలో మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను. మన ఊళ్లో ఒకసారి ఫీజు కడితే వారం పది రోజుల లోపు రివ్యూ ఉచితం. ఇది ఎవరూ రాసిపెట్టకపోయినా అందరికీ తెలిసిన ఒప్పందం. రోగి దృష్టిలో ఫోను మాటంటే ఆ ఉచిత రివ్యూలో ఒక ముక్క. ‘సార్, రిపోర్టు పంపాను, ఒక్కసారి చూడండి’ అనే మనిషిని ఫీజు ఎలా అడగాలి? అడిగితే ‘రెండు మాటలకు కూడా డబ్బేనా’ అంటారు. ఆ రెండు మాటలు చెప్పడానికి నేను నాలుగు పేజీల రిపోర్టు చదవాలన్నది వాళ్లకు కనబడదు. తప్పు వాళ్లది కాదు, అలవాటు చేసింది మేమే.

వాట్సాప్ జవాబంటే నాకు మాట సాయం. రాత్రి అన్నం తింటూ ఇస్తాను, కారు ఆగిన చోట ఇస్తాను. దానికే ‘టెలిమెడిసిన్ ఓపీ’ అని పేరు పెడితే వేళ పెట్టాలి, ఫీజు పెట్టాలి, చీటీ రాయాలి, రాసినదానికి పూచీ పడాలి. సాయాన్ని వృత్తిగా మార్చడం మీ ప్రశ్నావళిలో ఏ గడిలోకి వస్తుందో నాకు తెలియదు.

ఇక రెండో సంగతి. గుండె బలహీనంగా ఉన్న రోగి వస్తే పాదం మీద, చీలమండ పైన బొటనవేలు పెట్టి కాసేపు నొక్కి పడతాను. వేలు తీశాక గుంట ఎంత లోతుగా ఉంది, ఎంతసేపు ఉంది అన్నదాన్ని బట్టి ఒంట్లో నీరు తీసే మాత్ర పెంచాలా తగ్గించాలా అన్నది సగం తేలిపోతుంది. వీడియోలో రోగి కాలు చూపిస్తాడు. నాకు కాలు కనిపిస్తుంది, గుంట కనిపించదు.

టోకెన్_నంబర్_ఒకటి | మంగళవారం, రాత్రి 11:05

నేను గాజువాక వైపు ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో ఉంటాను. డాక్టర్లను అడిగారు కానీ, మమ్మల్ని ఎవరూ అడగరు. మా దగ్గర రెండు నెలలు నడిపి ఆపేశాం. ఎందుకు ఆపామో నాకు తెలుసు.

సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు వీడియో ఓపీ అని పెట్టారు. నాలుగింటికి ఫోను చేస్తే రోగి ఎత్తరు. రాసుకున్న నంబరు కొడుకుది, కొడుకేమో ప్లాంటులో డ్యూటీలో, తల్లి ఇంట్లో. ఇంకొకరు ఎత్తుతారు కానీ బస్సులో ఉంటారు. డబ్బు పంపామంటారు, మాకు రాదు, స్క్రీన్‌షాట్ పెడతారు, అది నిన్నటిది. ఈలోగా ఇరవై నిమిషాలు.

అసలు గొడవ హాల్లో మొదలయ్యేది. ఐదింటి ఓపీ కోసం నాలుగున్నరకే వచ్చి కూర్చున్నవాళ్లకు తలుపు సందులోంచి డాక్టరు గారు ఫోను చూస్తూ మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. ‘లోపల ఎవరూ లేరు, తీరిగ్గా ఫోనులో కబుర్లు చెప్పుకుంటున్నారు, మమ్మల్ని మాత్రం కూర్చోబెట్టారు’ అని నా మీద పడేవారు. ఒకాయన నేరుగా తలుపు తోసి లోపలికి వెళ్లిపోయాడు. తెరమీద ఉన్నావిడ అప్పుడు చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి మోకాలి వాపు చూపిస్తోంది. ఆ మర్నాటి నుంచి డాక్టరు గారు ఇక వద్దన్నారు.

పాత_స్టెత్ | బుధవారం, ఉదయం 5:50

పెద్దవాణ్ణి, తెల్లవారుజామునే రాస్తాను, ఏమీ అనుకోకండి. 1923లో మొదలైన మన ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, కేజీహెచ్‌లో (కింగ్ జార్జి ఆస్పత్రి) పని నేర్చుకున్నవాణ్ణి. ఇప్పుడు ప్రాక్టీసు మానేశాను.

మా ఆచార్యులు కామెర్ల రోగిని మంచం మీద చూడనిచ్చేవారు కాదు. కిటికీ దగ్గరకు నడిపించి, పగటి వెలుతురులో కనుగుడ్డు తెల్లభాగం చూడమనేవారు. ట్యూబులైటు కింద చూసి ‘కామెర్లు లేవు’ అన్నవాణ్ణి వార్డంతా నవ్వేలా తిట్టేవారు. ఇప్పుడు ఒక్కో ఫోను కెమెరా ఒక్కో రంగు చూపిస్తుంది. పసుపును తెలుపు చేస్తుంది, తెలుపును పసుపు చేస్తుంది. దాన్ని నమ్మి మందు రాయాలా?

హస్తవాసి అన్న మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. రోగి డాక్టరు దగ్గరకు డిగ్రీ చూసి మొదటిసారి వస్తాడు, హస్తవాసి చూసి రెండోసారి వస్తాడు. ఫోనులో హస్తం ఎక్కడిది?

బెంగళూరులో_వైజాగ్‌వాడు | బుధవారం, ఉదయం 8:20

పెద్దాయన మాటల్లో నిజం ఉంది. మా అమ్మ కూడా అదే అంటుంది. మధురవాడలో ఒక్కతే ఉంటుంది, షుగరు, బీపీ. పోయినసారి వీడియోలో చూపించాను. అంతా అయ్యాక ‘చేయి పట్టుకుని చూడలేదు, ఇదేం వైద్యంరా’ అంది. అయినా రాసిచ్చిన మందులు వేసుకుంది, షుగరు అదుపులోనే ఉంది.

కానీ ఇవతలి లెక్క కూడా చూడండి. మూడు నెలలకోసారి ఆమె ఆటోలో మహారాణిపేట వెళ్లి, హాల్లో మూడు గంటలు కూర్చుని, లోపల ఆరు నిమిషాలు గడిపి, ‘ఇవే వాడండి’ అన్న మాట విని రావాలి. ఆ రెండు ముక్కలు ఫోనులో చెప్పకూడదా? నాకున్న అనుమానం సూటిగా అడుగుతున్నాను. మనిషి క్లినిక్‌కి వస్తే కింద ల్యాబు, పక్కన మందుల షాపు నడుస్తాయి. ఫోనులో చూస్తే అవి నడవవు. అసలు కారణం ఇదేనా?

మూడోఅంతస్తు_వైద్యుడు | బుధవారం, మధ్యాహ్నం 2:15

అది కూడా ఒక కారణమే. కాదంటే అబద్ధం అవుతుంది. అద్దె, జీతాలు, కరెంటు కలిపి ఒక్క ఫీజు మీద నడిచే చిన్న క్లినిక్‌లు తక్కువ. పెద్ద ఆస్పత్రుల్లో ఓపీ అంటే పరీక్షలకూ, చేరికలకూ వాకిలి. ఫారం మీద ఎవరూ ఇది రాయరు, అందుకే ఆ అమ్మాయికి అన్నీ ‘అంగీకరిస్తున్నాను’లే వచ్చాయి.

అయితే మీ అమ్మగారి విషయంలో ఒక్క మాట. షుగరు రోగిని మూడు నెలలకోసారి రమ్మనేది ‘ఇవే వాడండి’ అనడానికి మాత్రమే కాదు. చెప్పులు విప్పించి కాలివేళ్ల సందులు చూడాలి. స్పర్శ లేని కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. నొప్పి లేదు కాబట్టి ఆవిడ ఫోనులో చెప్పరు, చెప్పలేదు కాబట్టి మేము అడగం. నిజానికి రద్దీలో ఎంతమందిమి చెప్పులు విప్పించి చూస్తున్నామన్నది వేరే ప్రశ్న, అక్కడ నేనూ తల దించుకోవాల్సిందే.

కోర్టు_వీధి | బుధవారం, సాయంత్రం 6:30

న్యాయవాదిని. ఈ చర్చలో భయం గురించి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. డాక్టర్లు నా దగ్గరకు వచ్చి మొదట అడిగేది అదే.

డాక్టర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందకు వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2018లో బాంబే హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఆస్పత్రిలో లేని డాక్టర్లు ఫోనులో చెప్పిన చికిత్సతో రోగి మరణించారన్నది ఆరోపణ. ముందస్తు బెయిలు నిరాకరిస్తూ కోర్టు రాసిన మాటలు దేశమంతా డాక్టర్ల గుంపుల్లో తిరిగాయి. ఫోను మీద వైద్యం చెప్పడమంటేనే జంకు పట్టుకుంది.

లాక్‌డౌన్ మొదలైన రోజున, అంటే 2020 మార్చి 25న, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంబీబీఎస్ డాక్టరైనా, స్పెషలిస్టయినా నమోదు ఉంటే చేయవచ్చు. రోగి తానుగా ఫోను చేస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క. ఆరోగ్య కార్యకర్తో డాక్టరో మొదలుపెడితే సమ్మతి విడిగా తీసుకుని రాసిపెట్టుకోవాలి. మొదటిసారి చూసే రోగికి, లేదా చూసి ఆరు నెలలు దాటిన రోగికి ఆంక్షలు ఎక్కువ. కేవలం ఫోను మాటల మీద వారికి పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ లాంటివే రాయవచ్చు, అంతకు మించితే వీడియో ఉండాలి. మత్తు మందుల చట్టం కిందకు వచ్చేవి, కొద్ది మినహాయింపులు తప్ప, ఏ పద్ధతిలోనూ రాయకూడదు. చీటీ మీద నమోదు సంఖ్య వేయాలి, రికార్డు దాచాలి. రోగి నేరుగా వస్తానంటే కాదని ఫోనులోనే చూస్తాననడం వృత్తిపరమైన తప్పు.

ఇక అసలు విషయం. ఆ మార్గదర్శకాల ప్రకారం వీడియో ఒక్కటే టెలిమెడిసిన్ కాదు. ఫోను మాట, వాట్సాప్ సందేశం, మెయిలు, అన్నీ టెలిమెడిసినే. కాబట్టి మూడో అంతస్తు డాక్టరు గారూ, మీరు ఫారంలో ‘లేదు’ అని టిక్కు పెట్టినా, చట్టం దృష్టిలో మీరు చేస్తున్నారు. ఫీజూ రికార్డూ లేకుండా, పూచీ మాత్రం పూర్తిగా పెట్టుకుని చేస్తున్నారు.

మూడోఅంతస్తు_వైద్యుడు | బుధవారం, రాత్రి 10:55

ఓపీ ముగించుకుని ఇప్పుడే చదివాను. అన్నం దిగడం లేదు.

నిర్వాహకులు | గురువారం, ఉదయం 9:00

మందుల చీటీ ఫొటో పెట్టిన ఒక వ్యాఖ్యను తొలగించాం. రోగి పేరు, వయసు, ఫోను నంబరు స్పష్టంగా కనిపిస్తున్నాయి. టెలిమెడిసిన్ గోప్యత మీద చర్చలోనే ఇలా జరగడం విడ్డూరం. దయచేసి జాగ్రత్త వహించండి.

ఘాట్‌రోడ్డు | గురువారం, మధ్యాహ్నం 1:10

పాత_స్టెత్ గారికి నమస్కారం. నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక గ్రామ ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్ చేసి ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే డాక్టరుకూ ఊరికీ మధ్య ఉండే ఆరోగ్య ఉద్యోగిగా వచ్చాను. మీ మాటలు రెండుసార్లు చదివాను సార్. మీరు అడిగిన కిటికీ వెలుతురు మా దగ్గర ఉంది. హస్తం కూడా ఉంది. అది నాది.

మా దగ్గర టెలిమెడిసిన్ అంటే రోగి ఇంట్లో కూర్చుని డాక్టరుతో మాట్లాడటం కాదు. రోగి నా ఎదుట బల్ల మీద కూర్చుంటారు. బీపీ నేను చూస్తాను, షుగరు నేను చూస్తాను, జ్వరం వస్తే మలేరియా కిట్టు పెట్టి చూస్తాను. ఆ తర్వాత డాక్టరు గారిని తెరమీదకు పిలుస్తాను. రోగికి తెలుగు అంతంత మాత్రమైతే నేనే మధ్యన మాట మారుస్తాను.

నా అనుభవంలో డాక్టర్లు రెండు రకాలు. మొదటి రకం వారు నేను చెప్పేది సగం విని ‘పెద్దాసుపత్రికి పంపేయండి’ అంటారు. పంపేయడం ఒక్క మాటే. వానల్లో ఇక్కడి నుంచి కొండ దిగాలంటే కొన్ని ఊళ్లలో డోలీ కట్టాలి, నలుగురు మనుషులు కూలి మానుకోవాలి. రెండో రకం డాక్టరు మేడమ్ ఒకరున్నారు. ఎనిమిదో నెల గర్భిణికి కాళ్లు వాచాయని చెబితే, ‘నొక్కి చూశావా అమ్మా? ముఖం కూడా వాచిందా? వేలి ఉంగరం ఊడి వస్తోందా? తలనొప్పి ఉందా, చూపు మసకగా ఉందా?’ అని వరసగా అడిగారు. ఉంగరం రాలేదు. బీపీ మళ్లీ చూడమన్నారు, ఎక్కువే ఉంది. అప్పుడు ‘ఈమెను ఈ పూటే పంపాలి’ అన్నారు. 108కి ఫోను చేశాం. ఆ రోజు కూడా పంపించాం, కానీ ఊరికే పంపలేదు.

ఆ మేడమ్ మొదట్లో నన్ను ఒకే కొలత రెండుసార్లు తీయమనేవారు. మూడు నెలల తర్వాత ఒక్కసారే అడుగుతున్నారు. టెలిమెడిసిన్ మీద డాక్టరుకు నమ్మకం ఎలా వస్తుందని ప్రాజెక్టు చెల్లెలు అడుగుతోంది కదా. యాప్ మీద రాలేదమ్మా, నా బీపీ పట్టీ మీద వచ్చింది.

సిగ్నల్ సంగతి చెప్పకపోతే అబద్ధం అవుతుంది. మబ్బు పడితే బొమ్మ ఆగిపోతుంది. డాక్టరు గారి నోరు తెరిచి ఉన్న బొమ్మ అలాగే నిలబడిపోతే పిల్లలు నవ్వుతారు. అప్పుడు వీడియో మానేసి మామూలు ఫోనులో మాట్లాడతాం.

క్రియాటినిన్ | గురువారం, రాత్రి 9:45

కిడ్నీ డాక్టర్ని. ఉద్దానం నుంచి, అంటే కవిటి, సోంపేట, పలాస వైపు నుంచి వచ్చేవారు నా ఓపీలో చాలామంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి తెరిచారు. అయినా పాత రోగులు అలవాటు పడిన డాక్టరును వదలరు. కవిటి నుంచి విశాఖ వచ్చి వెళ్లడమంటే ఆ రోజు కూలి పోయినట్టే, తోడు వచ్చినవారి కూలి కూడా.

నా వైద్యంలో సగం అంకెలే. క్రియాటినిన్, పొటాషియం, హిమోగ్లోబిన్, బీపీ. ఇవి ఫోనులోనైనా అవే అంకెలు. కాబట్టి ఒకసారి మనిషి రావాలి, తర్వాతి రెండుసార్లు రిపోర్టుతో ఫోను చాలు అని నియమం పెట్టుకున్నాను. ఫీజు సగం. రోగులు సణగలేదు, ఎందుకంటే ప్రయాణం ఖర్చు కళ్ల ముందే మిగులుతోంది. ఉచిత రివ్యూ సమస్య ఉన్నది ఊళ్లోని రోగులతోనే, దూరపు రోగులతో కాదని నా అనుభవం.

నాకు దెబ్బ తగిలింది వేరే చోట. రిపోర్టు ఫొటో తీసేటప్పుడు అంకెలు పెద్దగా పడాలని దగ్గరకు పెడతారు, పై అంచున పేరు తెగిపోతుంది. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరూ రోగులే. తమ్ముడి పేరు మీద అన్న రిపోర్టు వచ్చింది. అంకె ఒక్కసారిగా అంత ఎలా పెరిగిందని అనుమానం వచ్చి, పూర్తి కాగితం పంపమని అడిగాను కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి పేరు, తేదీ కనిపించని ఫొటో చూడను. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) సంఖ్యకు రిపోర్టులు జోడిస్తే ఈ తిప్పలు ఉండవు. నా రోగుల్లో చాలామంది దగ్గర ఆ కార్డు ఉంది. బీరువాలో, ప్లాస్టిక్ కవరులో, రేషన్ కార్డు పక్కన.

మందులషాపు_కుర్రాడు | గురువారం, రాత్రి 10:02

ఫోనులో వచ్చిన చీటీ ఫొటో తెస్తే మందులు ఇవ్వవచ్చా, లేదా అన్న గొడవ మాకు రోజూ ఉంది. సంతకం, నమోదు సంఖ్య, తేదీ ఉంటే ఇస్తాం. ‘సార్ వాట్సాప్‌లో చెప్పారు’ అని మందు పేరు మాత్రమే ఉన్న సందేశం చూపిస్తే ఇవ్వం. ఒకే సందేశంతో నాలుగు షాపులు తిరిగేవాళ్లు కూడా ఉన్నారు.

మనసు_వైద్యం | గురువారం, రాత్రి 11:30

మానసిక వైద్యురాలిని. నాకు మీ అందరికంటే ఇది తేలిక, ఎందుకంటే నేను నొక్కి చూడాల్సింది తక్కువ, వినాల్సింది ఎక్కువ. రోగులకు కూడా తేలిక. మా బోర్డు కింద హాల్లో కూర్చుంటే ఎదురింటివాళ్లు చూస్తారన్న భయం ఈ ఊళ్లో ఇంకా పోలేదు. ‘చినవాల్తేరు (మానసిక ఆస్పత్రికి) పంపిస్తారు’ అన్న ఎగతాళి వింటూ పెరిగిన తరం మనది. 2022 అక్టోబరులో 14416 నంబరుతో టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ మొదలైంది. ఫోనైతే మాట్లాడతామనేవారు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు.

అయితే ఫోనులో నాకు గది కనిపించదు. ఒకమ్మాయి ప్రతి ప్రశ్నకూ ‘బాగానే ఉంది మేడమ్’ అంటోంది. రెండోసారి అనుమానం వచ్చి, ‘పక్కన ఎవరైనా ఉంటే అవును అని మాత్రం చెప్పండి’ అన్నాను. ‘అవును మేడమ్’ అంది. అత్తగారు మంచం మీదే కూర్చుని ఉన్నారు. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటానికి కూరగాయలకని బయటికి వెళ్లేది. బజారు గోలలో సగం మాటలు వినిపించేవి కావు, కానీ ఆమె నిజం చెప్పింది అక్కడే.

మందుల విషయంలో కోర్టు వీధి గారు చెప్పిన నిషేధం మాకు బాగా తగులుతుంది. నిద్రకు, ఆందోళనకు ఇచ్చేవాటిలో కొన్ని ఆ చట్టం కిందివే. వాటిలో చాలావాటి కోసం మనిషి రావాల్సిందే.

పాత_స్టెత్ | శుక్రవారం, ఉదయం 5:55

ఘాట్‌రోడ్డు అమ్మాయికి జవాబు రాయాలని నిన్ననే అనుకున్నాను, కంటికి చుక్కలు వేశారు, రాయలేకపోయాను.

అమ్మా, వేలి ఉంగరం వస్తోందా అని అడిగిన ఆ డాక్టరు ఎవరో కానీ, మంచిచోట చదువుకుంది. నేను అన్నది వెనక్కి తీసుకోను. రోగి ఒక్కడే ఫోను పట్టుకుని కూర్చుంటే అది వైద్యం కాదు. నీలాంటి పిల్ల పక్కన ఉంటే అది వేరు. మేము వార్డులో ఉండగా రాత్రిపూట నర్సు ఫోను చేసి ‘సార్, ఫలానా మంచం మీది రోగి రంగు బాగాలేదు’ అంటే లేచి వచ్చేవాళ్లం. ఆ నర్సు ఎవరన్నదాన్ని బట్టి చెప్పులు వేసుకుని వచ్చేవాళ్లమా, వేసుకోకుండానా అన్నది ఉండేది. అది కూడా టెలిమెడిసినే కాబోలు. మాకు పేరు తెలియదు.

కళ్ల డాక్టర్లు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. హనుమంతవాకలో నాకు చుక్కలు వేసిన పిల్లవాడు చెప్పాడు. ఎల్వీ ప్రసాద్ సంస్థ వాళ్ల విజన్ సెంటర్లలో శిక్షణ పొందిన టెక్నీషియన్ కంటిని పరీక్షించి ఫొటో తీసి పంపితే, డాక్టరు ఇక్కడి నుంచి చూస్తాడట.

ఆస్పత్రి_లెక్కలు | శుక్రవారం, రాత్రి 8:40

అందరికీ చాలా థాంక్స్. నాలుగు రోజుల్లో నా ప్రాజెక్టు తలకిందులైంది.

ఇవన్నీ చదివాక పాత పరిశోధనలు మళ్లీ తిరగేశాను. 1999లో హాంకాంగ్ డాక్టర్ల మీద డేవిస్ నమూనాను ప్రయోగించి చూసిన పరిశోధన ఒకటి ఉంది, అది కూడా టెలిమెడిసిన్ గురించే. వాడటం తేలికా కష్టమా అన్నది డాక్టర్ల నిర్ణయంలో పెద్దగా తేడా తీసుకురాలేదని, ఉపయోగం ఉందా లేదా అన్నదే ముఖ్యమని అందులో తేలింది. నేనేమో నా ప్రశ్నల్లో మూడోవంతు యాప్ తేలికా, శిక్షణ కావాలా అన్నవాటికే ఖర్చుపెట్టాను.

ఇంకొకటి. చిత్తూరు జిల్లా అరగొండలో గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రం 2000 మార్చిలోనే, అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా మొదలైంది. కేంద్ర ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిని ఆరోగ్య కేంద్రాల స్థాయిలో మొదట అమలు చేసిందీ మన రాష్ట్రమే, 2019 నవంబరులో. అంటే కొవిడ్‌కు ముందే. కాబట్టి ‘మనకు ఇది కొత్త కాబట్టి డాక్టర్లు వెనకాడుతున్నారు’ అని నా మొదటి అధ్యాయంలో రాసిన వాక్యం కొట్టేశాను.

‘అవతలి చివర రోగి పక్కన ఎవరున్నారు?’ అన్న ప్రశ్న నా ఫారంలో లేనే లేదు. ‘ఆ గంట సేపు హాల్లో ఎవరు కూర్చుని ఉన్నారు?’ అన్నది కూడా లేదు. కొత్త ఫారం వేయడం కంటే ఎక్కడైనా కూర్చుని చూడటం మేలనిపిస్తోంది. రానిస్తారా?

టోకెన్_నంబర్_ఒకటి | శుక్రవారం, రాత్రి 9:15

మా దగ్గర కూర్చోవచ్చు. నాలుగింటి కల్లా రండి, కుర్చీ నేను పట్టిపెడతాను. హాలు వైపు తిరిగి ఉండే కుర్చీ.

బెంగళూరులో_వైజాగ్‌వాడు | శుక్రవారం, రాత్రి 9:50

మూడో అంతస్తు డాక్టరు గారూ, అమ్మ కాలివేళ్ల సందులు నిన్న వీడియోలో చూడటానికి ప్రయత్నించాను. ఆవిడ వంగలేదు, నాకు చాప కనిపించింది. వచ్చే వారం ఆటో మాట్లాడాను.

మూడోఅంతస్తు_వైద్యుడు | శనివారం, రాత్రి 11:20

మంచి పని చేశారు.

నేను కూడా రెండు మార్పులు చేశాను. కోర్టు వీధి గారి పుణ్యమా అని ఒక పుస్తకం కొన్నాను. ఫోనులో చెప్పిన ప్రతి మాటా తేదీ వేసి ఒక వరుస రాస్తున్నాను. మొదటిరోజే పందొమ్మిది వరుసలు అయ్యాయి. ఇన్ని చెబుతున్నానని నాకే తెలియదు. ఇంట్లో ఆ పుస్తకం చూసి, ‘ఇందుకా రోజూ కూర చల్లారిపోయేది’ అన్నారు. రెండోది, బుధవారం మధ్యాహ్నం ఒక గంట, ఓపీ లేని వేళ, హాలు ఖాళీగా ఉన్నప్పుడు, ఫోను రివ్యూలకే పెట్టాను. ఫీజు గురించి ఇంకా నోరు రావడం లేదు. క్రియాటినిన్ గారి సగం లెక్క ఆలోచిస్తున్నాను.

ఘాట్‌రోడ్డు గారూ, మీతో ఒక పని. పాడేరు అవతల నుంచి గుండె రోగి ఒకరు నా దగ్గరకు వస్తారు, నెలకోసారి, రాత్రంతా ప్రయాణం చేసి. వానలు తగ్గేవరకు ఆయన్ను మీలాంటివారి దగ్గర కూర్చోబెట్టి చూడవచ్చా అని ఆలోచన. మీ కేంద్రం ఆయన ఊరికి దగ్గరైతేనే సుమా.

ఘాట్‌రోడ్డు | ఆదివారం, ఉదయం 10:30

ఊరి పేరు విడిగా సందేశంలో పంపండి సార్, ఇక్కడ వద్దు. మా పరిధిలోదైతే మా మెడికల్ ఆఫీసరు గారి అనుమతి తీసుకుని చెబుతాను, కాకపోతే ఆ కేంద్రంలో ఉన్న అమ్మాయి నంబరు ఇస్తాను, మా బ్యాచే. సంత రోజు మాత్రం వద్దు, ఆ రోజు గదిలో నిలబడటానికి చోటుండదు. మధ్యాహ్నం రెండు లోపు అయితే సిగ్నల్ కాస్త నిలకడగా ఉంటుంది.

కాలు ఎంతసేపు నొక్కి పట్టాలో, గుంట లోతు ఎలా చెప్పాలో ముందుగా ఒకసారి నాకు చూపించండి. మీ వేలి లెక్క, నా వేలి లెక్క ఒకటి కావాలి కదా.